ఎస్పీబీ 50: ఒక పాటల యాత్ర మిగిల్చిన బాకీ

(ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం స్మారకోపన్యాస పాఠం)

తిరువళ్ళూరు జిల్లాలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి రెండు ఊళ్ళున్నాయి. ఒకటి 1946 జూన్ 4న ఆయన పుట్టిన కోనేటమ్మపేట. రెండోది 2020 సెప్టెంబరు 26న పోలీసు లాంఛనాలతో ఆయన్ను ఖననం చేసిన తామరైపాక్కం. ఆయన పుట్టినప్పుడు తమిళనాడు, ఆంధ్ర అని వేర్వేరు రాష్ట్రాలు లేవు. పెరిగింది నెల్లూరులో, బతికింది మద్రాసులో. తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, మలయాళం అన్న తేడా లేకుండా ఇంటింటా ఆ గొంతు వినిపించింది. అయినా ఆయన తొలి ఊరూ తుది ఊరూ ఈ జిల్లా ఎల్లల్లోనే ఉన్నాయి. ఆయన్ను తలచుకుని ఒక మాట చెప్పుకోవడానికి ఈ నేలకు అంతకంటే పెద్ద అర్హత అక్కర్లేదు.

ఈ నేల ఎల్లలు కూడా కదులుతూ వచ్చినవే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉంది. సరిహద్దుల మీద పటాస్కర్ మధ్యవర్తిత్వం, ఆ తర్వాత 1959లో పార్లమెంటు చేసిన చట్టం ఫలితంగా 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళింది. బదులుగా తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల్లోని కొన్ని గ్రామాలు ఆంధ్రకు వచ్చాయి. 1888లో సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన తిరుత్తణి ఇదే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, గుడి మైకులో రెండూ వింటూ పెరిగే పిల్లలు ఇక్కడ ఇవాళ్టికీ ఉన్నారు. బాలు పాటను ఏ భాష ఖాతాలో వేయాలన్న ప్రశ్న వాళ్ళకు ఎప్పుడూ తట్టలేదు.

ఆయన సినిమా పాటల గురించి, ఆయన దాచుకోకుండా పంచిన ప్రేమ గురించి చాలామంది చాలా చెప్పారు. ఈ ఉపన్యాసం ఎంచుకున్నది ఆయన జీవితపు చివరి అంకంలోని ఒక్క ఘట్టాన్ని. ‘ఎస్పీబీ 50’ పేరుతో 2016 ఆగస్టులో టొరంటోలో మొదలై, దేశదేశాలు తిరిగిన కచేరీ యాత్ర అది. హాళ్ళు నిండాయి, చప్పట్లు మోగాయి. ఆ సంగతులు అక్కడితో తీరిపోయాయి. తీరకుండా మిగిలింది ఒక లెక్క: వేదిక మీద పాట పాడినప్పుడు అందులో ఎవరెవరికి వాటా ఉంది? పాడినవారికా, కట్టినవారికా, రాసినవారికా, డబ్బు పెట్టి సినిమా తీసినవారికా? అప్పటిదాకా లాయర్ల గదుల్లో నలిగిన ఈ ప్రశ్న ఆ యాత్ర పుణ్యమా అని మామూలు శ్రోత ఇంటికి వచ్చింది. ఆ యాత్ర వారసత్వం అంటే ఈ ప్రశ్నే.

యాభై ఏళ్ళ వెనక

యాభై అన్న అంకె ఎక్కడిది? 1966 డిసెంబరు 15న బాలు తన తొలి సినిమా పాట పాడారు. నటుడు పద్మనాభం తీసిన ‘శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న’ కోసం, ఎస్.పి. కోదండపాణి సంగీతంలో. పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్య వంటి ఉద్దండుల పక్కన నిలబడి ఇరవై ఏళ్ళ కుర్రాడు గొంతు కలిపాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1964లో, మద్రాసులో ఒక తెలుగు సాంస్కృతిక సంస్థ పెట్టిన పోటీలో మొదటి బహుమతి అందుకున్నాడు. ఆ అవకాశమిచ్చిన గురువును బాలు మరిచిపోలేదు. తర్వాత చెన్నైలో తాను పెట్టుకున్న రికార్డింగు స్టూడియోకు కోదండపాణి పేరే పెట్టుకున్నారు.

తమిళంలో అందరికీ తెలిసిన కథ ‘అడిమైప్పెణ్’ది. 1969లో వచ్చిన ఆ సినిమాలో ఎం.జి.ఆర్. కోసం పాడాల్సిన వేళకు బాలుకు టైఫాయిడు తగిలింది. ఎం.జి.ఆర్. వేరే గాయకుణ్ణి పెట్టుకోలేదు. ఆయన కోలుకునేదాకా ఆగారు. పాట కట్టిన కె.వి. మహదేవన్ ఆగారు. ఒక తెలుగు కుర్రాడి గొంతు కోసం తమిళ సినిమా పరిశ్రమ కాచుకుని కూర్చున్న రోజులవి.

సినిమాలతో పాటు బయట కచేరీలూ నడిచాయి. బాలుకు సొంత ట్రూపు ఉండేది. హార్మోనియం మీద అనిరుద్ధ. గిటారు మీద, తర్వాత హార్మోనియం మీద ఒక యువకుడు. తాళవాద్యాల మీద అతని అన్న భాస్కర్. గిటారు మీద తమ్ముడు గంగై అమరన్. ఆ యువకుడే ఇళయరాజా. 1976లో ‘అన్నక్కిళి’ రావడానికి ఎన్నో ఏళ్ళ ముందే ఈ ఇద్దరూ ఒకే వేదిక ఎక్కి, ఒకే రాత్రి రైల్లో ఊరికి వెళ్ళి, ఒకే పంక్తిలో భోజనం చేసిన మనుషులు. తర్వాతి కాలంలో ఒకరు కట్టారు, ఒకరు పాడారు. తెలుగులో ‘సాగరసంగమం’, ‘స్వాతిముత్యం’, ‘రుద్రవీణ’; తమిళంలో ‘పయణంగళ్ ముడివదిల్లై’, ‘మౌనరాగం’. పేరు చెబితే చాలు, పల్లవి వినేవారి నోట్లో ఆడుతుంది.

బాలు తండ్రి సాంబమూర్తి హరికథకులు. హరికథ చెప్పే మనిషికి ఊరే వేదిక, ఊరి పెద్ద ఇచ్చిన సంభావనే రాబడి. కథ పురాణానిది, పాట పూర్వులది, గొంతు తనది. ఎవరికెంత అని అడిగేవాళ్ళు లేరు. ఆ ఇంట్లో పుట్టిన కొడుకు యాభై ఏళ్ళ తర్వాత అమెరికాలో టికెట్టు పెట్టి పాడే నాటికి ఆ అమాయకపు ఏర్పాటు చెల్లుబాటు కాని కాలం వచ్చేసింది.

పాట పెద్ద వేదిక ఎక్కినప్పుడు

వీధిలో పుట్టిన పాట పెద్ద హాలుకు ఎక్కినప్పుడు లెక్కలు పైకి తేలడం ప్రపంచమంతటా జరిగిందే. అందుకు దగ్గరి ఉదాహరణ అమెరికన్ ర్యాప్‌లో దొరుకుతుంది. న్యూయార్కులోని బ్రాంక్స్ పేటల్లో, వీధి మలుపుల్లో, ఇళ్ళ మధ్య జరిగే విందుల్లో పుట్టిన హిప్-హాప్ పదివేల మంది పట్టే హాళ్ళను నింపగలదని 1984 దాకా ప్రమోటర్లలో ఎక్కువమంది నమ్మలేదు. ఆ ఏడాది రికీ వాకర్ అనే ప్రమోటరు స్వాచ్ గడియారాల కంపెనీ దన్నుతో ‘ఫ్రెష్ ఫెస్ట్’ అనే యాత్ర తీశాడు. రన్ డీఎంసీ, కర్టిస్ బ్లో, హూడీనీ, ఫ్యాట్ బాయ్స్ ఒకే వేదిక మీద. పక్కన బ్రేక్ డాన్సర్లు. 27 ప్రదర్శనలకు 35 లక్షల డాలర్లు వచ్చాయని లెక్క. రెండేళ్ళకు, 1986 జులైలో, న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రన్ డీఎంసీ వాళ్ళు అడిగితే వేలమంది తమ అడిడాస్ బూట్లు విప్పి పైకెత్తి చూపారు. ఆ కంపెనీ వాళ్ళు హాల్లోనే ఉన్నారు. పది లక్షల డాలర్లు దాటిన ఒప్పందం దానివల్ల కుదిరింది.

డబ్బు రాగానే హక్కులవాళ్ళూ వచ్చారు. ర్యాప్ డీజేలు పాత రికార్డుల్లోంచి నాలుగైదు సెకన్ల తునకలు తీసుకుని వాటి మీద తమ పాట నిలబెట్టేవారు. పేటల్లో ఆడినన్నాళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. 1991లో బిజ్ మార్కీ అనే ర్యాపర్ మీద గిల్బర్ట్ ఓ సలివన్ పాట విషయంలో వచ్చిన వ్యాజ్యంలో న్యూయార్కు కోర్టు గట్టి తీర్పు ఇచ్చింది. అప్పటినుంచి అనుమతి తీసుకున్నాకే తునక వాడాలన్నది ఆ రంగంలో పద్ధతి అయింది. దానివల్ల కొత్త కళాకారుడికి ఖర్చు పెరిగింది, కొన్ని రకాల పాటలు పుట్టకుండా పోయాయి. అదే సమయంలో ఎప్పుడో పాడి మరుగునపడిన పాత సంగీతకారులకు చెక్కులు రావడం మొదలైంది. ఈ రెండూ నిజమే. హక్కుల గురించి మాట్లాడేటప్పుడు ఒకదాన్ని చూపి రెండోదాన్ని దాచకూడదు.

మన దగ్గర పెద్ద విదేశీ పాటల యాత్రలు కొత్తవి కావు. 1971లో ఘంటసాల ఐరోపా, అమెరికా వెళ్ళి పాడారు. ఐక్యరాజ్యసమితిలోనూ ఆయన గొంతు వినిపించింది. కానీ అప్పటి శ్రోతలు ఆ దేశాల్లో కొద్దిమంది డాక్టర్లు, ఇంజనీర్లు, విద్యార్థులు. 2016 నాటికి తెలుగు, తమిళ కుటుంబాలు ఆ నగరాల్లో లక్షల్లో ఉన్నాయి. కచేరీ ఒక సంఘం పండగ స్థాయి దాటి పూర్తిస్థాయి వ్యాపారమైంది.

నోటీసు

కుమారుడు ఎస్.పి. చరణ్ రూపకల్పన చేసిన ఎస్పీబీ 50 టొరంటో తర్వాత రష్యా, శ్రీలంక, మలేషియా, సింగపూర్, దుబాయి తిరిగింది. మన దేశంలోనూ అనేక కచేరీలు జరిగాయి. 2017 మార్చిలో బృందం అమెరికాలో ఉండగా బాలుకు, గాయని చిత్రకు, చరణ్‌కు, కచేరీల నిర్వాహకులకు, హాళ్ళ యాజమాన్యాలకు ఇళయరాజా తరఫు న్యాయవాది నుంచి నోటీసులు అందాయి. తన అనుమతి లేకుండా తన పాటలు పాడరాదన్నది వాటి సారం.

బాలు ఫేస్‌బుక్‌లో రాసిన జవాబు చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఈ చట్టాల సంగతి తనకు తెలియదన్నారు. చట్టం అదే అయితే పాటిస్తానన్నారు. టొరంటోలో మొదలుపెట్టినప్పుడు రాని నోటీసు ఇప్పుడెందుకు వచ్చిందో తెలియదని కూడా దాచకుండా చెప్పారు. దేవుడి దయవల్ల ఇతర సంగీత దర్శకులకూ ఎన్నో పాటలు పాడానని, అవి వినిపిస్తానని అన్నారు. చివరగా, దీని మీద పరుషంగా మాట్లాడవద్దని అభిమానులను కోరారు.

కచేరీ ఆగలేదు. ఆగకపోవడం ఎలా సాధ్యమైందో ఒక్క ఉదాహరణ చాలు. బాలుకు వచ్చిన జాతీయ పురస్కారాలు ఆరు. ‘శంకరాభరణం’ కె.వి. మహదేవన్‌ది, ‘ఏక్ దూజే కేలియే’ లక్ష్మీకాంత్-ప్యారేలాల్‌ది, ‘గానయోగి పంచాక్షర గవాయి’ హంసలేఖది, ‘మిన్సారకనవు’ ఏ.ఆర్. రెహమాన్‌ది. ‘సాగరసంగమం’, ‘రుద్రవీణ’ రెండూ ఇళయరాజావి. ఇవి కాక ఎం.ఎస్. విశ్వనాథన్, సత్యం, రమేశ్‌నాయుడు, చక్రవర్తి, రాజన్-నాగేంద్ర, రామ్‌లక్ష్మణ్, కీరవాణి. ఒక్కొక్కరివి ఒక్కో సాయంత్రానికి సరిపోతాయి. అయినా వినవచ్చినవారికి వెలితి వెలితే. ‘పయణంగళ్ ముడివదిల్లై’ సినిమాలోని గిటారు పాట లేకుండా బాలు కచేరీ ముగిస్తే తమిళ శ్రోత మనసు తీరదు. ‘సాగరసంగమం’ లేకుండా ముగిస్తే తెలుగు శ్రోత మనసు తీరదు. ఆ వెలితే జనాన్ని ఆలోచనలో పడేసింది. నిన్నటిదాకా ఇద్దరూ మావాళ్ళే అనుకున్నవాళ్ళు ఒక్క రాత్రిలో పక్షాలుగా చీలారు. ఒక పక్షం కృతజ్ఞత లేదంది. మరో పక్షం కష్టార్జితం అడిగితే తప్పేమిటంది.

ఇళయరాజా వాదనను పక్కకు నెట్టడం న్యాయం కాదు. తన పాటల హక్కుల మీద ఆయన అప్పటికే ఆడియో కంపెనీలతో మద్రాసు హైకోర్టులో వ్యాజ్యం నడుపుతున్నారు. క్యాసెట్లు, సీడీలు, తర్వాత ఫోన్ల రింగుటోన్లు, ఇంటర్నెట్టు. ప్రతి కొత్త సరుకులోనూ తన పాట అమ్ముడుపోతోంటే రాబడి వేరేవాళ్ళకు పోవడం చూసిన తరం ఆయనది. స్నేహితుడికి లాయరు నోటీసు పంపడం ఎవరికైనా కష్టంగానే అనిపిస్తుంది. ముందు ఒక ఫోను చేసి ఉంటే సరిపోయేదని అనుకున్నవాళ్ళ మాటలోనూ బలముంది. కానీ పద్ధతి నచ్చనంత మాత్రాన అడిగిన విషయం కొట్టిపారేసేది అయిపోదు.

చట్టం ఏమంటుంది

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. సినిమా పాట విషయంలో దాని మొదటి పెద్ద మలుపు 1977లో వచ్చింది. పాటల రచయితల, స్వరకర్తల సంఘమైన ఐపీఆర్‌ఎస్‌కూ సినిమా నిర్మాతల సంఘానికీ నడుమ నడిచిన కేసులో సుప్రీంకోర్టు నిర్మాత వైపు మొగ్గింది. డబ్బిచ్చి చేయించుకున్నాడు కనుక, వేరే ఒప్పందం లేకపోతే పాట అతనిదే. అదే తీర్పుకు జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ విడిగా ఒక మాట జోడించారు. పాట కట్టినవాడికి చట్టంలో చోటుంది, పాడినవాడికి చోటే లేదు, పార్లమెంటు దీన్ని చూడాలన్నది దాని సారాంశం. ఆ రోజుల్లో బాలు ఏడాది పొడవునా స్టూడియో నుంచి స్టూడియోకు పరుగులు తీస్తున్నారు. ఆ పాటల మీద చట్టప్రకారం ఆయనకు ఏ హక్కూ లేదు.

1994 సవరణతో ప్రదర్శకుల హక్కు అనేది చట్టంలోకి వచ్చింది. 2012 సవరణ ఇంకా ముందుకు వెళ్ళింది. రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను ముందే రాసిచ్చేసినా అది చెల్లదంది. రాజ్యసభలో పాటల రచయిత జావేద్ అఖ్తర్ దాని కోసం గట్టిగా నిలబడ్డారు. గాయకుడికి కూడా తన గానాన్ని వ్యాపారానికి వాడుకున్నప్పుడు రాయల్టీ రావాలని ఆ సవరణ చెప్పింది. మరుసటి ఏడాదే గాయకుల హక్కుల సంఘం నమోదైంది. స్వరకర్తకు, రచయితకు హక్కు జీవితకాలం, ఆపైన అరవై ఏళ్ళు. గాయకుడికి ప్రదర్శన జరిగిన నాటి నుంచి యాభై ఏళ్ళు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఎస్పీబీ 50 గొడవంతా ఆ మెలికలోదే. రికార్డు మోగినప్పుడు గాయకుడికి వాటా ఉంది. అదే పాటను వేదిక మీద కొత్తగా పాడితే, ఎవరు పాడినా సరే, హక్కు స్వరానికీ సాహిత్యానికీ ఉంటుంది. ఆ పాటను మొదట పాడి ప్రాణం పోసిన మనిషే మళ్ళీ పాడినా, ఊరి ట్రూపు గాయకుడు పాడినా చట్టం దృష్టిలో తేడా లేదు. బాలుకు ఆ సాయంత్రం తాను పాడినదానికి, దాని రికార్డింగుకు మాత్రమే కొత్త హక్కు పుడుతుంది. ఇది గాయకుడికి చేదు మాత్రే. కానీ ఈ నియమం లేకపోతే, వేదిక ఎక్కని, గొంతు లేని, పేరు తెలియని పాటల రచయితకు కచేరీ డబ్బులో పైసా రాదు.

అమెరికాలో ఈ చిక్కును వేరేగా విప్పుకున్నారు. అక్కడి స్వరకర్తల సంఘాల్లో ఆస్కాప్ 1914లో, బీఎంఐ 1939లో పుట్టాయి. హాలు యాజమాన్యమో నిర్వాహకులో ఏడాదికింత అని కట్టి టోకు లైసెన్సు తీసుకుంటారు. ఆ జాబితాలోని ఏ పాటైనా ఎవరైనా వేదిక మీద పాడుకోవచ్చు. వచ్చిన డబ్బును సంఘం పంచుతుంది. ఒక్కో పాటకు ఒక్కో స్వరకర్త గడప తొక్కాల్సిన పని లేదు. మన దగ్గర ఐపీఆర్‌ఎస్ 1969లోనే పుట్టినా, కొత్త చట్టం కింద మళ్ళీ నమోదైంది 2017 నవంబరులో. అంటే నోటీసులు వెళ్ళిన ఎనిమిది నెలల తర్వాత. మధ్యలో నమ్మకమైన వ్యవస్థ లేనప్పుడు ఇద్దరు మిత్రులు లాయర్ల ద్వారా మాట్లాడుకోవలసి వచ్చింది.

2019 జూన్ 2

ఇళయరాజా పుట్టినరోజు నాడు, 2019 జూన్ 2న, చెన్నై శివార్లలోని ఈవీపీ ఫిల్మ్ సిటీలో సినీ సంగీత వాద్యకారుల సంఘం భవనం కోసం పెద్ద కచేరీ జరిగింది. ఏసుదాసుతో పాటు బాలు కూడా ఇళయరాజా పాటలు పాడారు. అంతకు ముందు రిహార్సల్లో ఇద్దరూ కౌగిలించుకున్న దృశ్యం ఇంటింటా టీవీల్లో కనిపించింది. వారిద్దరి మధ్య ఏ మాటలు నడిచాయో బయటివారికి అనవసరం. అందరికీ పనికొచ్చే సంగతి ఆ కచేరీ ఉద్దేశంలో ఉంది. వేదిక వెనక వయొలిన్ వరుసలో కూర్చునేవారు, తబలా, వేణువు, గిటారు వాయించేవారు. వీళ్ళ పేర్లు క్యాసెట్ల మీద చాలావరకు ఉండేవి కావు. పాటలో వాటా ఎవరిదన్న గొడవ ముగిసిన వేదిక, వాటా ఎప్పుడూ అడగని ఆ మనుషుల గూడు కోసం ఏర్పాటైంది. 2020 ఆగస్టులో బాలు ఆస్పత్రిలో ఉన్నప్పుడు త్వరగా లేచి రమ్మని ఇళయరాజా వీడియోలో పిలిచారు. బాలు లేవలేదు.

తిరుత్తణి కొండ కింద

ఇంత పెద్ద గొడవ తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు ఊళ్ళలో కచేరీ చేసే చిన్న ట్రూపుకు ఏ మేరకు వర్తిస్తుంది? ఆ ట్రూపును దగ్గరగా చూస్తే తప్ప జవాబు తెలియదు.

మురుగన్ పండగ ఆడికృత్తికకు కావళ్ళు ఎత్తుకుని వచ్చే జనంతో తిరుత్తణి నిండిపోతుంది. 365 మెట్ల కొండ కింద, చుట్టుపక్కల పల్లెల్లో జాతర రాత్రుల్లో పాటకచేరీలు నడుస్తాయి. నాలుగు డ్రమ్ముల మీద పలకలు పరిచి, గుడ్డ కప్పితే వేదిక. ఒక కీబోర్డు, ఒక రిథమ్ ప్యాడు, తబలా, డోలకు, ఇద్దరు ముగ్గురు గాయకులు, మధ్యలో కబుర్లు చెప్పే అనౌన్సరు. మొదట వినాయకుడు, తర్వాత మురుగన్, ఆపైన సినిమా. రాత్రి పది దాటాక పాటలు కోరుతూ చీటీలు వస్తాయి. తమిళ పాట ఒకటి, తెలుగు పాట ఒకటి. రెంటిలోనూ సగానికి పైగా బాలు పాటలే.

అలాంటి గాయకుడి చేతిలో ఉండే నోటుపుస్తకం చూడదగింది. ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో తమిళమే చదువుకున్నవాళ్ళు కనుక తెలుగు పాటను తమిళ అక్షరాల్లో రాసుకుంటారు. ఆ లిపిలో ప, బ, భలకు ఒకటే అక్షరం. క, గ, ఘలకూ అంతే. చదివి పాడితే పాట పాడైపోతుంది. ఎక్కడ ఒత్తు పలకాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో చెవికి తెలియాలి. ఆ చెవిని తయారుచేసింది బాలు పలుకుబడి. వేటూరి మాట, ఆత్రేయ మాట, సిరివెన్నెల మాట ఒక్క హల్లు కూడా నలగకుండా ఈ సరిహద్దు ఊళ్ళకు అందింది ఆయన నోటి ద్వారానే. తెలుగు బడి దూరమైన ఇళ్ళలో ఆ పాటలే వాచకాలయ్యాయి.

ఈ ట్రూపుల వాళ్ళు నోటీసులకు భయపడాలా? చట్టంలో వాళ్ళకు కొంత నీడ ఉంది. నిజమైన మత కార్యక్రమంలో భాగంగా జరిగే గానానికి మినహాయింపు ఉంది. పెళ్ళి ఊరేగింపు, పెళ్ళి వేడుకలను కూడా చట్టం అందులోనే చేర్చింది. ఔత్సాహిక సంఘం టికెట్టు లేకుండా ఇచ్చే కార్యక్రమానికీ, మత సంస్థ కోసం జరిపే దానికీ మినహాయింపు ఉంది. టికెట్లు పెట్టి, స్పాన్సర్లను పట్టి హాలులో జరిపే కచేరీ మాత్రం లైసెన్సు తీసుకోవలసిందే. రాత్రికి కొన్ని వందలో వెయ్యో చేతికొచ్చే జాతర గాయకుణ్ణీ, విదేశాల్లో హాళ్ళు నింపే కచేరీ వ్యాపారాన్నీ ఒకే త్రాసులో తూచకూడదన్న బుద్ధి చట్టం రాసినవారికి ఉంది. ఆ సంగతి ట్రూపుల వాళ్ళకు చెప్పేవాళ్ళే లేరు. తెలియక భయపడేవారు కొందరు, తెలియక హక్కులన్నీ ఎగ్గొట్టే నిర్వాహకులు కొందరు.

గొంతు ఎవరిది?

ఎస్పీబీ 50 లేవనెత్తిన ప్రశ్న బాలు పోయాక ఇంకో మలుపు తిరిగింది. 2023లో వచ్చిన తెలుగు సినిమా ‘కీడా కోలా’లో కృత్రిమ మేధతో తన తండ్రి గొంతును తమ అనుమతి లేకుండా పుట్టించి వాడారని చరణ్ చిత్ర బృందానికి లీగల్ నోటీసు పంపారు. 2017లో నోటీసు అందుకున్న కుటుంబమే ఈసారి నోటీసు ఇచ్చింది. 2024 జనవరిలో రెహమాన్ ‘లాల్‌సలామ్’ సినిమా కోసం చనిపోయిన ఇద్దరు గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులను అదే తరహాలో వాడారు. వారి కుటుంబాల అనుమతి తీసుకున్నామని, తగిన పారితోషికం ఇచ్చామని ఆయనే ప్రకటించారు. అదే ఏడాది జులైలో గాయకుడు అరిజిత్ సింగ్ వేసిన కేసులో బొంబాయి హైకోర్టు గొంతు నకళ్ళను ఆపుతూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

1957 చట్టం రాసినప్పుడు గొంతును మనిషి నుంచి విడదీయవచ్చని ఎవరూ ఊహించలేదు. గొంతు పోలికకు పేరుపెట్టి రక్షణ ఇచ్చే సెక్షను కాపీరైట్ చట్టంలో లేదు. ఇక్కడా దారి ఎస్పీబీ 50 చూపినదే: ముందు అడగాలి, వాటా తేల్చాలి, తర్వాతే పాట వినిపించాలి. కోట్లు పెట్టి తీసే సినిమాకు ఒక కుటుంబాన్ని వెళ్ళి అడగడం భారం కాబోదు.

చేయవలసిన పనులు

2024 సెప్టెంబరు 25న, ఆయన వర్ధంతి నాడు, చెన్నై నుంగంబాక్కంలోని కామ్‌దార్ నగర్ మెయిన్ రోడ్డుకు బాలు పేరు పెడుతున్నట్టు తమిళనాడు ముఖ్యమంత్రి ప్రకటించారు. అంతకు ముందు, 2020 ఫిబ్రవరిలో, నెల్లూరులోని తన ఇంటిని వేద పాఠశాల కోసం కంచి పీఠానికి బాలు స్వయంగా అప్పగించారు. చెన్నైకి రోడ్డు దక్కింది, నెల్లూరుకు పాఠశాల దక్కింది. ఆయన పుట్టిన, మట్టిలో కలిసిన తిరువళ్ళూరు జిల్లా ఆయన పేరు మీద చేయగల పని ఏమిటి?

మొదటిది, 1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’లో ఆయన నేర్పిన అలవాటును ఊళ్ళోకి తేవడం. ఆ వేదిక మీద పిల్లలు పాట అందుకునే ముందు సినిమా పేరుతో పాటు రాసినదెవరో, కట్టినదెవరో, పాడినదెవరో చెప్పేవారు. ఈ పద్ధతి జాతర కచేరీల కరపత్రాల మీద, అనౌన్సరు నోట రావాలి. పేరు చెప్పడానికి లైసెన్సు అక్కర్లేదు. డబ్బు వాటా ఇవ్వలేని చోట గౌరవం వాటా తప్పకుండా ఇవ్వవచ్చు.

రెండోది, కచేరీ పెట్టే సంఘాలూ కమిటీలూ వాద్యకారుల డబ్బును ఆ రాత్రే, వేదిక దిగకముందే చేతికివ్వడం. హక్కుల చర్చంతా స్వరకర్త, గాయకుల దగ్గరే ఆగిపోతే డోలకు వాయించే మనిషి ఎప్పటిలాగే చివరి బస్సు కోసం చేతులూపుకుంటూ నడుస్తాడు.

మూడోది, ఈ జిల్లాలో నడిచిన పాటకచేరీల చరిత్రను కూర్చడం. పాత కరపత్రాలు, ఫొటోలు, క్యాసెట్లు, ముఖ్యంగా తమిళ అక్షరాల్లో తెలుగు పాటలు రాసుకున్న ఆ నోటుపుస్తకాలు అట్టపెట్టెల్లో చెదల పాలవుతున్నాయి. రెండు భాషలు ఒకే గొంతులో బతికిన తీరుకు వాటిని మించిన సాక్ష్యం లేదు. తిరుత్తణిలోని తెలుగు సంఘాలూ తమిళ సంఘాలూ కలిసి వాటిని సేకరించి, ఫొటోలు తీయించి, కోనేటమ్మపేటలోనో తామరైపాక్కంలోనో ఒక గదిలో భద్రపరచాలి. పుస్తకం ఇచ్చిన ప్రతి గాయకుడి పేరూ, ఊరూ దాని పక్కనే రాసి పెట్టాలి.